పేరు మాత్రం సుధది

నగ్మా ఎవరి మీదైనా కోపం తెచ్చుకోవాలంటే ముందు తన మీదే తెచ్చుకోవాలి. ఆ ఖాతా సాయిసుధ పేరు మీద తెరుద్దామన్నది నగ్మాయే. ఎవరూ బలవంతపెట్టలేదు, బతిమాలలేదు.

అది 2005 వేసవి. ఇద్దరూ బాపట్లలో ఎం.సి.ఏ. పూర్తిచేశారు. తోటివాళ్ళంతా హైదరాబాదు హాస్టళ్ళలో చేరి ఉద్యోగాల వేటలో పడితే వీళ్ళిద్దరూ ఊళ్ళు కదలలేదు. వెళ్ళడం మాకే ఇష్టం లేదని బయట చెప్పుకునేవాళ్ళు గానీ, ఇంట్లో ఒప్పుకోలేదన్నది అసలు సంగతి. నగ్మాది తెనాలి. తండ్రి యాసిన్‌కు కుట్టుమిషన్లు రిపేరు చేసే కొట్టు ఉంది. సుధది రేపల్లె. తండ్రి శివరామయ్యకు మాగాణి, ఎరువుల కొట్టు.

ఇంట్లో కూర్చుని విదేశాల వాళ్ళకు వెబ్‌సైట్లు చేసిపెట్టవచ్చని మొదట కనిపెట్టింది సుధ. అందుకోసం ఇంటర్నెట్‌లో ఒక సంత లాంటిది ఉందట. పని కావలసినవాళ్ళు అక్కడ ప్రకటన వేస్తారు. చేయగలిగినవాళ్ళు ఇంతకు చేస్తామంటే ఇంతకు చేస్తామని వేలం పాట పాడతారు. పని నచ్చితే యజమాని అయిదు స్టార్ల దాకా ఇస్తాడు. స్టార్లు ఎక్కువున్నవాడికే పై పని దొరుకుతుంది. దాన్నే ఫ్రీలాన్సింగ్ అంటారని సుధ చెబితే, ఆ మాట పలకడానికే నగ్మాకు ఒక పూట పట్టింది.

తెనాలిలో జ్ఞానానందం గారి నెట్ సెంటర్లో కూర్చుని ఇద్దరూ ఖాతా తెరవబోయారు. పేరు రాయమన్న గడి దగ్గర ఆగారు.

"నీ పేరే పెట్టవే. బోణీ నీ చేత్తో కావాలి" అంది నగ్మా.

ఈ బోణీ సంగతి కాస్త చెప్పాలి. హాస్టల్లో సుధ చెయ్యి మంచిదని పేరు. పరీక్షల ముందు రోజు కొత్త పెన్నులు పట్టుకుని అమ్మాయిలంతా ఆమె మంచం దగ్గర వరస కట్టేవాళ్ళు. సుధ ఒక్కో పెన్నుతో ఒక్కో గీత గీసి ఇచ్చేది. కాలేజీ మొత్తానికి ఫస్టు వచ్చిన నగ్మా కూడా ఆ వరసలో బుద్ధిగా నిలబడేది. సుధకు మాత్రం ఎప్పుడూ అరవై శాతం దాటలేదు. తన చెయ్యి తనకు పనికిరాదు కాబోలని అందరూ నవ్వుకున్నారే తప్ప, చెయ్యి మంచిదన్న నమ్మకం ఎవరికీ సడలలేదు.

"ఇద్దరి పేర్లూ పెట్టడానికి కుదరదా?" అంది సుధ. మనస్ఫూర్తిగానే అంది.

"గడి ఒక్కటే ఉందిగా."

కింద నిబంధనలు చీమల బారులా ఉన్నాయి. చదవకుండానే ఒప్పుకున్నామని నొక్కారు. చదివి ఒప్పుకునేవాళ్ళు ఎక్కడైనా ఉంటే వెళ్ళి చూసిరావాలి.

అలా మొదలైంది. కోడ్ రాయడం నగ్మా పని. యజమానులకు ఉత్తరాలు రాయడం, బేరమాడటం, ఆలస్యమైతే బుజ్జగించడం సుధ పని. సుధ ఇంగ్లీషు చూస్తే ఎంత కోపంగా ఉన్నవాడైనా చల్లబడేవాడు. డబ్బు రేపల్లెలో ఆమె బ్యాంకు ఖాతాకు వచ్చేది, సగం మర్నాడే తెనాలికి చేరేది. మూడేళ్ళలో పైసా తేడా రాలేదు. ఆ విషయంలో సుధను వేలెత్తి చూపడానికి లేదు.

మొదటి ఏడాది చిన్నాచితకా పనులు. రెండో ఏడాది హెలెన్ తగిలింది. ఆస్ట్రేలియాలో ఆమె నెట్ మీద ఉన్ని దారాలు అమ్ముతుంది. ఒకే రంగు దారమైనా ఒక తడవ అద్దింది ఇంకో తడవ అద్దిన దానితో కలవదట. స్వెట్టరు సగం అల్లాక తేడా బయటపడితే కొన్నవాళ్ళు తిట్టిపోసేవాళ్ళు. ఒక ఆర్డరుకు మొత్తం ఒకే తడవ దారం వెళ్ళేలా చూసే ప్రోగ్రాము కావాలంది. అంతకు ముందు ఇద్దరు ప్రయత్నించి చేతులెత్తేశారు. నగ్మా ఇరవై రోజులు తిండి మీద ధ్యాస లేకుండా దాని మీద కూర్చుంది. అది పనిచేసిన రోజున హెలెన్ అయిదు స్టార్లు ఇచ్చి, కింద, "సుధ లేకపోతే నా కొట్టు లేదు" అని రాసింది.

నగ్మా దాన్ని పదిసార్లు చదువుకుంది. సుధ అని ఉన్నచోట తన పేరు ఉన్నట్టే చదువుకుంది. అలా చదువుకోవడం అలవాటైపోయింది కూడా.

హెలెన్ పని సంగతి ఒక్కటే రాసే మనిషి కాదు. భర్తకు జబ్బు చేసినా, పెరట్లో ఏదైనా పూసినా రాసేది. సుధ శనివారాలు ప్యాసింజరు బండెక్కి తెనాలి వచ్చేది. ఇద్దరూ నగ్మా గదిలో కూర్చుని ఆ ఉత్తరాలు చదివి, ఏం జవాబు రాయాలో కలిసి అనుకునేవాళ్ళు. ఒకసారి చేబ్రోలులో నగ్మా నానీ చనిపోయింది. నాలుగు రోజులు పని ఆగింది. "మా అమ్మమ్మ పోయింది" అని సుధ తన పేరుతోనే రాసింది. మరి ఎవరి పేరుతో రాస్తుంది? పదిహేను రోజులకు రేపల్లెకు హెలెన్ నుంచి ఒక కార్డు వచ్చింది. సుధ దాన్ని తెచ్చి నగ్మా చేతికిచ్చింది.

"ఇది నీదేనే" అంది.

నగ్మా ఏడ్చింది. మొదట్లో "డియర్ సుధా" అని ఉన్నా ఆ ఓదార్పు తనకు తగిలింది. సుధ కూడా పక్కన కూర్చుని ఏడ్చింది. అప్పటికి ఇద్దరి మధ్యా కల్మషం లేదు. ఉంటే ఇప్పుడు చెప్పుకోవడం తేలికయ్యేది.

2007 డిసెంబరులో బాపట్ల నుంచి ప్రకాశం సార్ సుధకు ఫోన్ చేశారు. ఆయన ఇద్దరికీ పాఠం చెప్పిన మాస్టారు. ఇంట్లో కూర్చుని రెండు వందల విదేశీ పనులు చేసిన పూర్వ విద్యార్థిని వచ్చి పిల్లలకు నాలుగు మాటలు చెప్పాలన్నారు.

"నువ్వు ఎదురుగా లేకపోతే నాకు కాళ్ళు వణుకుతాయే. రావాలి" అంది సుధ.

నగ్మా వెళ్ళింది. తెర మీద చూపించే బొమ్మలన్నీ తనే తయారుచేసి పెట్టింది. కొత్త చుడీదార్ వేసుకుని మూడో వరుసలో కూర్చుంది. సుధ తన పేరెత్తి పైకి పిలుస్తుందని ఆమె నమ్మకం. వేదిక ఎక్కితే ఏం మాట్లాడాలో కూడా ఒకటి రెండు వాక్యాలు అనుకుని పెట్టుకుంది.

సుధ బాగా మాట్లాడింది. కాళ్ళు వణకలేదు. చివర్లో ఒక అమ్మాయి లేచి, "మేడం, మీకు టీమ్ ఉందాండి? డిజైను, కోడింగు అన్నీ మీరొక్కరే చేస్తారా?" అని అడిగింది.

సుధ మూడో వరుస వైపు చూసింది. నగ్మా కూర్చున్నచోట కాస్త ముందుకు జరిగింది.

"నేనొక్కదాన్నే. ఫ్రీలాన్సింగ్ అంటే అదే కదా" అంది సుధ.

చప్పట్లు మోగాయి. నగ్మా చేతులు కూడా రెండుసార్లు కొట్టుకున్నాయి. పక్కవాళ్ళు కొడుతుంటే ఊరుకోవడం బాగుండదని కొట్టింది. ఆ చప్పట్లు తలుచుకుంటే ఈనాటికీ ఆమెకు ఒళ్ళు మండుతుంది.

సభ అయ్యాక టీ దగ్గర ప్రకాశం సార్ ఆమెను గుర్తుపట్టారు. "నువ్వేం చేస్తున్నావమ్మా నగ్మా?"

ఆమె నోరు తెరిచేలోపే సుధ అందుకుంది. "నాకే హెల్ప్ చేస్తుంటుంది సార్."

"మంచిది. సుధ దగ్గర శ్రద్ధగా నేర్చుకో. నీకూ ఒక దారి దొరుకుద్ది" అన్నారు సార్, నిండు మనసుతో. అదే కాలేజీలో ల్యాబు పరీక్షప్పుడు సుధ ప్రోగ్రాము నడవక ఏడుస్తుంటే, ఆయన కళ్ళముందే నగ్మా వెళ్ళి సరిచేసింది. ఆ సంగతి ఆయనకు గుర్తులేదు. నగ్మా "అలాగేనండి" అంది.

తిరుగు రైల్లో అప్పికట్ల దాటింది, నిడుబ్రోలు దాటింది.

"కోపమొచ్చిందా?" అంది సుధ చివరికి.

"లేదు."

"ఒక ఖాతాలో ఒకళ్ళే పని చెయ్యాలని రూలుంది. నేనీ మధ్యనే చదివాను. అక్కడ రెండొందల మంది ఉన్నారు. ఎవడో ఒకడు సైటు వాళ్ళకి రాస్తే మన గతేంటి?"

మాట సబబుగానే ఉంది. నగ్మా చుండూరు వచ్చేదాకా దాన్ని తిప్పి తిప్పి ఆలోచించింది.

"ప్రకాశం సార్‌కి కూడా రూలేనా?"

సుధ కిటికీ వైపు తిరిగింది.

సంక్రాంతి ముగ్గులు చెరగకముందే నగ్మా తన పేరుతో ఖాతా తెరిచింది. దాచి చేయలేదు, ఫోన్ చేసి చెప్పే చేసింది. "పెట్టుకో. నేనొద్దన్నానా" అంది సుధ. కానీ కొత్త ఖాతాలో స్టార్లు సున్నా. రెండు నెలల్లో అరవై పనులకు పాట పాడితే ఒక్కరు కూడా పలకలేదు. మూడేళ్ళ అనుభవం ఉన్న మనిషి నిన్న గాక మొన్న పుట్టినట్టు వరస చివర నిలబడాల్సి వచ్చింది. ఆ ఉక్రోషంలో, చేసిన పనులు చూపమన్నచోట హెలెన్ కొట్టు పెట్టి, "ఇందులోని ప్రోగ్రాములన్నీ నేనే రాశాను" అని రాసింది. రాసింది నిజం. దానికి సాక్ష్యం మాత్రం లేదు.

ఆమె పాట పాడిన ఒక పనికి యజమాని హెలెన్‌కు తెలిసినావిడ. నిజమేనా అని ఆవిడ హెలెన్‌ను అడిగింది. హెలెన్ మండిపడి సైటు వాళ్ళకు ఫిర్యాదు చేసింది. వాళ్ళు సుధను వివరణ అడిగారు. అవన్నీ అయ్యాకే నగ్మాకు నోటీసు వచ్చింది. ఇంకొకరి పనిని నీదని చెప్పుకున్నావు, ఖాతా ఆపేశాం, పది రోజుల్లో జవాబియ్యి అని. కింద సుధ వివరణ ఉంది.

"నగ్మా నా క్లాస్‌మేటు. అప్పుడప్పుడు నాకు టైపింగ్ చేసిపెట్టేది. నమ్మి నా ఫైళ్ళు ఆమెకిచ్చాను. ఇలా చేస్తుందనుకోలేదు."

ఆ ఇంగ్లీషు ఎంత బాగుందో. ఎక్కడా ఒక తప్పు లేదు. నగ్మా దాన్ని రెండోసారి చదివింది. డబ్బు కాజేసినా ఇంత బాధ ఉండేది కాదనిపించింది. డబ్బయితే మళ్ళీ సంపాదించుకోవచ్చు.

మర్నాడు పొద్దున్నే ప్యాసింజరెక్కి రేపల్లె వెళ్ళింది. వేమూరు దగ్గర నుంచి సుధను ఏమేం అడగాలో వరసగా అనుకుంటూనే ఉంది. తీరా ఇల్లు చేరేసరికి ఒక్కటే మిగిలింది.

"నేను టైపింగ్ చేసేదాన్నా?"

సుధ తల వంచుకుంది. "ఏం రాయమంటావే? మూడేళ్ళు అబద్ధమాడానని రాయనా? రాస్తే ఖాతా మూసేస్తారు. రెండొందల పనులు గంగలో కలిసిపోతాయి. నీకూ పోద్దిగా సగం."

"సరే. నమ్మి ఫైళ్ళిచ్చానని ఎందుకు రాశావు? నేను దొంగనా?"

"అది... రాస్తుంటే ఇంగ్లీషులో అలా వచ్చేసిందే."

నగ్మాకు నవ్వొచ్చింది. ఏడుపు రావలసినచోట నవ్వు రావడంతో తనకే భయమేసింది.

"నువ్వే కోడ్ రాశావు, కాదన్నానా?" సుధ గొంతు పెరిగింది. "వాళ్ళతో మాట్లాడిందెవరు? తిట్లు తిన్నదెవరు? నా మాట లేకపోతే నీ కోడ్ నీ కంప్యూటర్లోనే ఉండేది. నీకు నాలుగు ముక్కలు ఇంగ్లీషులో రాయడం వచ్చా?"

అందులోనూ నిజముంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

లోపలి నుంచి శివరామయ్య వచ్చాడు. "ఏంటమ్మా ఇది, మనలో మనకి. నువ్వు ఆ కొత్త ఖాతా తీసెయ్ తల్లీ. ఎప్పట్లాగే ఇద్దరూ కలిసి చేసుకోండి. డబ్బు కాడ మా అమ్మాయి ఎప్పుడన్నా తేడా చేసిందా?"

"లేదండి బాబాయి గారూ."

"మరింకేంటి?"

"నా పేరండి."

"పేరుదేముందమ్మా" అన్నాడాయన. ఎరువుల కొట్టు బోర్డు మీద గజమంత అక్షరాలతో తన పేరు రాయించుకున్న మనిషి అన్న మాట అది. నగ్మా కాఫీ ముట్టుకోకుండా లేచి వచ్చేసింది.

ఇల్లు చేరి నేరుగా హెలెన్‌కే రాసింది. సుధ అన్నట్టు ఆమెకు ఇంగ్లీషు అంతంతమాత్రమే. ఆరు వాక్యాలు రాయడానికి మధ్యాహ్నమంతా పట్టింది. ఆ ప్రోగ్రాము రాసింది తనేనని, నమ్మకపోతే దాని గురించి ఏదైనా అడిగి చూడమని రాసింది. ఆరో వాక్యంలో క్షమాపణ చెబుదామా అనుకుని, తప్పు చేసింది తను కాదు కదా అని తీసేసింది.

వారానికి సైటు వాళ్ళ నుంచి ఇద్దరికీ కలిపి ఒకే సమాచారం వచ్చింది. కొట్టు ప్రోగ్రాముకు నకలు తీసి, దారం లెక్కలో ఎక్కడో ఒకచోట హెలెన్ చెడగొట్టించింది. గురువారం పొద్దున పదింటికి ఇద్దరికీ ఒకేసారి ఇస్తారు. గంటలో సరిచేయాలి. తేలిపోతుంది.

బుధవారం సాయంత్రం ఫోన్ మోగింది. సుధ.

"నగ్మా, వినవే. రేపు నువ్వు చేశాక నాక్కూడా మెయిల్ పెట్టు. ఇద్దరిదీ కరెక్టైతే ఎవరిదో తేల్చలేక వదిలేస్తారు. నీ ఖాతా నీకుంటది, నాది నాకుంటది. ఒక్కసారికి."

నగ్మా ఫోన్ రెండో చెవికి మార్చుకుంది.

"నేను తప్పు చేశాను. ఒప్పుకుంటున్నాను. ఇది పోతే నేనేమైపోతానే? నాకింకేం చేతకాదు. నీకు తెలుసుగా."

తెలుసు. అందరికంటే నగ్మాకే బాగా తెలుసు. ఆ గొంతు వింటుంటే ఒక్క క్షణం, సరేలే అనేద్దామనిపించింది. మూడో వరుస గుర్తొచ్చి ఫోన్ పెట్టేసింది.

గురువారం యాసిన్ కొట్టు తెరవలేదు. కూతురు కుర్చీ వెనకాల నిలబడి, ఏమీ అర్థం కాకపోయినా తెర వంక చూస్తూ ఉన్నాడు. తల్లి మున్నీసా టీ పెట్టి, చల్లారితే మళ్ళీ పెట్టింది. పదింటికి ఫైలు వచ్చింది. నగ్మా ఒకసారి కిందిదాకా చూసింది. పాత దారం నిల్వ అయిపోగానే కొత్త తడవకు మారే చోట షరతు తిరగేసి ఉంది. తన ఇంట్లో సామాను ఎవరో జరిపితే ఇల్లాలికి తెలిసినట్టు తెలిసిపోయింది. పద్దెనిమిది నిమిషాల్లో సరిచేసి పంపింది. రేపల్లె నుంచి గంట దాటినా ఏమీ వెళ్ళలేదని తర్వాత తెలిసింది.

శుక్రవారం హెలెన్ ఉత్తరం వచ్చింది. నగ్మా నిదానంగా, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది.

"డియర్ నగ్మా, ఆ ప్రోగ్రాము మీదే. ఇందులో నాకిక సందేహం లేదు. మీ మీద ఫిర్యాదు వెనక్కి తీసుకున్నాను. సుధ ఖాతా మూసేస్తున్నట్టు సైటు వాళ్ళు చెప్పారు. మీ ఖాతా మీకు తిరిగి వస్తుంది.

నా భర్త ఆసుపత్రిలో ఉన్న రోజుల్లో నేను నా సొంత అక్కకు రాయని సంగతులు సుధకు రాశాను. ఇప్పుడు చూస్తే ఆ సుధ అన్న మనిషే లేదు. మీరిద్దరూ కూర్చుని వాటిని చదువుకునేవారనీ, ఏం జవాబివ్వాలో కలిసి అనుకునేవారనీ నిన్న ఆమె నాకు రాసి ఒప్పుకుంది. ఇన్నాళ్ళలో ఏ ఒక్కరోజైనా మీరు నాకు ఒక్క ముక్క రాసి ఉండవచ్చు. మీ పేరు పోయాకే మీకు నేను గుర్తొచ్చాను. మీరు చాలా గొప్ప పనివారు. కానీ మీ ఇద్దరిలో ఎవరితోనూ నేనిక పని చేయలేను. నా కొట్టుకు వేరేవారిని చూసుకుంటున్నాను."

నగ్మా జవాబు రాయడం మొదలుపెట్టింది. "ఖాతాలో ఒక్క పేరే ఉండాలని రూలు, అందుకని" అని కొట్టింది. ఆ మాట ఎక్కడ విన్నదో గుర్తొచ్చి చెరిపేసింది. "మేము మిమ్మల్ని మోసం చేయాలనుకోలేదు, అలా జరిగిపోయింది" అని కొట్టింది. అదీ సుధ "అలా వచ్చేసిందే" అన్న మాట లాగే ఉంది. మూడోసారి ఏమీ తోచలేదు. హెలెన్ కార్డు చదివి తను ఏడ్చిన మాట నిజమని రాద్దామనుకుంది. ఎలా రాయాలో ఇంగ్లీషు రాలేదు. తెలుగులోనైనా వచ్చేదా అంటే, అదీ చెప్పలేం.

మున్నీసా గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది అమ్మాయ్? గెలిచావా?"

"గెలిచాను అమ్మీ."

"ఏమని రాసింది?"

నగ్మా తెర వంక చూసింది. "పని నాదేనని రాసింది. డియర్ నగ్మా అని రాసింది."

మూడేళ్ళలో ఆ పేరుతో వచ్చిన మొదటి ఉత్తరం అది. మున్నీసా మొహం వెలిగిపోయింది. అల్లాకు శుక్రియా చెప్పుకుని, కొట్లో ఉన్న మొగుడికి చెప్పడానికి ఫోన్ దగ్గరకు వెళ్ళింది. నగ్మా ఆమెను ఆపలేదు.